కట్టెకూ కలపకూ ఒకే తోపు: మన చిన్న అడవుల చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, పింఛను నిబంధనల మీద, డి.ఎ. బకాయిల మీద రాసేవారు మనలో చాలామంది ఉన్నారు గనుక, నేను ముప్పై ఆరేళ్లు ఏ కాగితాల మధ్య కూర్చున్నానో ఆ కాగితాల సంగతే రాద్దామనుకున్నాను. 1972లో అటవీ శాఖ డివిజను ఆఫీసు ఒకదానిలో గుమాస్తాగా చేరి, 2008లో పదవీ విరమణ చేశాను. అడవిలో తిరిగింది తక్కువ. అడవి లెక్కలు రాసింది ఎక్కువ. ఏ కూపులో ఎన్ని చెట్లకు సుత్తి గుర్తు పడింది, ఎన్ని బండ్ల కట్టె బయటికి పోయింది, ఎన్ని ఘనపుటడుగుల కలప డిపోకు చేరింది అన్నవి నా చేతి రాతలో ఎక్కడో ఒక బీరువాలో ఇంకా ఉండే ఉంటాయి.

దీనికి తోడు మా ఊళ్లో మా నాన్నగారు వదిలిపెట్టి వెళ్లిన రెండున్నర ఎకరాల తోపు ఒకటుంది. వేప, కానుగ, టేకు, గట్ల మీద నల్లతుమ్మ ఉన్నాయి. దాన్ని ఉంచాలా, ప్లాట్లు వేసే వాళ్లకు ఇచ్చెయ్యాలా అని మా ఇంట్లో రెండేళ్లుగా చర్చ నడుస్తోంది. ఆ చర్చకు జవాబు వెతుక్కుంటూ వెనక్కి పోతే అది నూటడెబ్బై ఏళ్ల చరిత్ర అయ్యి కూర్చుంది. అందులో నా తెలివితక్కువతనం కూడా కొంత ఉంది. దాన్నీ దాచకుండా రాస్తాను.

రైలుబండి ఆకలి

పూర్వం ఊరికి అడవి అంటే పొయ్యిలోకి కట్టె, నాగలికి కొయ్య, ఇంటికి వాసం. ఎవరికి కావలసింది వారు తెచ్చుకునేవారు. జనం తక్కువ, అడవి ఎక్కువ గనుక లెక్క అవసరం పడలేదు. లెక్క పుట్టించింది రైలుబండి. 1856 జూలై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా దక్షిణ దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. అదే సంవత్సరం హ్యూ క్లెగ్‌హార్న్ అనే వైద్యుణ్ణి మద్రాసు ప్రెసిడెన్సీకి అటవీ కన్సర్వేటరుగా నియమించారు. వైద్యుడికి అడవితో ఏం పని అని అడగవచ్చు. ఆ రోజుల్లో వృక్షశాస్త్రం తెలిసినవారు వైద్యులే. పట్టాల కింద వేసే స్లీపర్లకు గట్టి కలప కావాలి, ఇంజనులో మండించడానికి కట్టె కావాలి. బొగ్గు సముద్రం మీద ఇంగ్లండు నుంచి రావాలి. అది బంగారంతో సమానం. కనుక తొలి రోజుల్లో మన దక్షిణాది ఇంజన్లు చాలావరకు కట్టెతోనే నడిచాయి.

ఈ అవసరం నుంచే 1860ల్లో తూర్పు తీరపు ఇసుక నేలల్లో సరుగుడు తోటలు పెరిగాయి. నెల్లూరు వైపు వీటిని సర్వి తోటలంటారు. సరుగుడు మన చెట్టు కాదు, ఆస్ట్రేలియా, తూర్పు ద్వీపాల వైపు నుంచి వచ్చింది. ఇసుకలో బతుకుతుంది, ఉప్పుగాలికి ఓర్చుకుంటుంది, పచ్చిగా ఉన్నా బాగా మండుతుంది. ఆ తర్వాత బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో నెల్లూరు తీరపు కట్టె మద్రాసు పట్టణానికి చేరేది. పట్నంలో కాఫీ కాగిందంటే మన తీరపు కట్టె మండినట్టే.

బొగ్గు సంగతి తర్వాత మారింది. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నదని కనిపెట్టారు. 1889లో సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది. ఇంజను పొయ్యికి బొగ్గు దొరికింది కానీ ఇంట్లో పొయ్యికి కట్టే గతి. ఆ గతి ఇంకో వందేళ్లు నడిచింది.

చట్టం వచ్చింది, ఊరు బయటపడింది

జర్మనీ నుంచి వచ్చిన డైట్రిచ్ బ్రాండిస్ 1864లో దేశానికి మొదటి అడవుల ఇన్‌స్పెక్టరు జనరలయ్యారు. 1880ల మొదట్లో ఆయన మద్రాసు వచ్చి పరిశీలించారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఈ చట్టం కింద గుట్టలకూ బీళ్లకూ హద్దులు నాటి, వాటిని రిజర్వు చేశారు. అభ్యంతరాలుంటే చెప్పుకోమని ప్రకటనలు ఇచ్చారు. చదువు రాని రైతుకు ఆ ప్రకటన అందేదెప్పుడు, అతను కచేరీకి వెళ్లేదెప్పుడు? గడువు దాటిపోయింది. తాత కాలం నుంచి కట్టె తెచ్చుకున్న గుట్ట ఒక తెల్లవారి సర్కారుదయింది.

కట్టె మోపుకు పర్మిట్టు, పశువు మేతకు పుల్లరి వచ్చాయి. పల్నాటిలో ఈ పుల్లరి మీదే 1921-22లో జనం తిరగబడ్డారు. మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు నాయకత్వాన పుల్లరి కట్టం అన్నారు. 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో ఆయన ప్రాణం పోయింది. అదే సంవత్సరం మన్యంలో అల్లూరి సీతారామరాజు పోరాటం మొదలయింది. అక్కడా మూలకారణాల్లో ఒకటి అటవీ ఆంక్షలే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు ఈ సంగతులు నాకు పాఠ్యపుస్తకంలోని సంగతులు. పర్మిట్టు పుస్తకాలు మాత్రం రోజూ నా బల్ల మీదే ఉండేవి. ఆ రెండింటికీ సంబంధముందని తెలుసుకోవడానికి నాకు పదవీ విరమణ దాకా పట్టింది.

అయితే న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. చట్టం ఊరికి అన్యాయం చేసింది నిజమే గాని, ఆ శాఖ వాళ్లు ఒక మంచి లెక్క నేర్పారు. దాని పేరే కూపు.

కూపు లెక్క

కూపు అనే మాట మన అడవి పల్లెల్లో అందరికీ తెలిసిందే. నరకడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట ఇంగ్లీషు మీదుగా మన నోటికి వచ్చింది. లెక్క చాలా సులువు. చిగురు మళ్లీ కట్టెకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో అన్ని భాగాలుగా అడవిని విడగొట్టాలి. ఏడాదికి ఒక్క భాగమే కొట్టాలి. చివరి భాగం కొట్టేసరికి మొదటి భాగం మళ్లీ కోతకొస్తుంది. వడ్డీ తింటాం, అసలు ముట్టం. పింఛనుదారులకు ఇంతకంటే వివరించనక్కర్లేదు.

ఇందులో రెండో కిటుకు ఉంది. కొట్టే భాగంలో అన్నీ కొట్టరు. నిటారుగా, నిక్కచ్చిగా పెరిగిన చెట్లను అక్కడక్కడా వదిలేస్తారు. వాటికి సున్నంతో పట్టీ వేసి గుర్తు పెడతారు. కింద మోళ్ల నుంచి పిలకలు వచ్చి కట్టె అవుతాయి. పైన వదిలిన చెట్లు రెండు మూడు కోతల కాలం నిలిచి కలప అవుతాయి. ఒకే నేల నుంచి పదేళ్లకో ఇరవై ఏళ్లకో కట్టె, నలభై యాభై ఏళ్లకు దూలం వస్తాయి. మన ఎండు అడవుల్లో సర్కారు కూపుల గడువు మామూలుగా 20 నుంచి 40 ఏళ్ల దాకా ఉండేది.

చెట్లన్నీ ఒకలా ఉండవు. టేకు, కానుగ, వేప, జామాయిల్ మోడు నుంచి బాగా చిగురిస్తాయి. సరుగుడు చిగురించదు, కొడితే మళ్లీ మొక్క నాటాల్సిందే. నల్లతుమ్మ చిగురును నమ్ముకోలేం. దాన్ని గింజ నుంచే పెంచాలి. ఈ తేడా తెలియక తోటలు పాడు చేసుకున్నవారు చాలామంది.

సర్కారు తుమ్మ

ఈ చరిత్రలో మన రాయలసీమకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి కర్నల్ బెడ్డోమ్, ఎండిన జిల్లాలకు కట్టె కోసం ఒక విదేశీ చెట్టు గింజలు తెప్పించమని రెవిన్యూ శాఖకు రాశారు. జమైకా నుంచి గింజలు వచ్చాయి. 1877లో వాటిని కడప జిల్లా కమలాపురంలో నాటారు. అదే ఈనాడు మన బీళ్లనూ, చెరువు గట్లనూ, రోడ్ల పక్కలనూ ఆక్రమించిన సర్కారు తుమ్మ. సర్కారు తెచ్చింది గనుక ఆ పేరు దానికే తగింది.

దీన్ని తిట్టనివారు లేరు. పొలంలోకి దూరుతుంది, ముల్లు విరిగితే కాలు వాస్తుంది. కానీ ఒక్కమాట. పేదవాడి పొయ్యికి వందేళ్లకు పైగా కట్టె ఇచ్చింది ఇదే. దానికి పర్మిట్టు అడిగినవాడు లేడు, కూపు లెక్క అక్కర్లేదు, ఎంత కొడితే అంత చిగురిస్తుంది. బొగ్గు బట్టీల వాళ్లు దీని మీదే బతికారు. రిజర్వు గుట్ట మూసుకుపోయిన ఊరికి ఈ ముళ్ల కంపే ఊరుమ్మడి అడవి అయింది.

పొగాకు, కాగితం, గ్యాసు

మా వైపు కట్టెను ఎక్కువగా తిన్నది పొగాకు. గుంటూరు ప్రాంతంలో 1920 నాటికి వర్జీనియా పొగాకు సాగు మొదలై, 1928 నుంచి బ్యారన్లలో కాల్చి ఆరబెట్టడం వచ్చింది. ఆకు పసుపుపచ్చగా తేలాలంటే బ్యారన్‌లో రోజుల తరబడి మంట ఆరకూడదు. ఆరిన ఆకు తూకానికి కొన్ని రెట్లు కట్టె బూడిదవుతుంది. నా చిన్నతనంలో మాఘ మాసం వచ్చిందంటే ఊరి చుట్టూ ఉన్న తోపులు పలచబడేవి. గుట్టలు బోడి కావడం మా కళ్ల ముందే జరిగింది.

1950లో కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ గారు వన మహోత్సవం మొదలుపెట్టారు. మేము స్కూలు పిల్లలుగా ఏటా మొక్కలు నాటాం, ఏటా అవే గుంతల్లో నాటాం. 1980లలో సామాజిక అడవుల పథకం వచ్చి రైతుల గట్ల మీదికి జామాయిల్, సుబాబుల్ వచ్చాయి. వాటిని కాగితం మిల్లులు కొనడం మొదలుపెట్టాక అది పంట అయింది. 1988 జాతీయ అటవీ విధానం, అడవి పక్కన ఉన్నవారి అవసరాలకే మొదటి హక్కు అన్నది. 1882లో అనవలసిన మాట అది. మన రాష్ట్రంలో 1992 నుంచి వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. ఊళ్లకు ఊళ్లు గుట్టల్ని కాపలా కాసి, పిలకల్ని పెంచి, వచ్చిన కట్టెలో వాటా తీసుకున్నాయి. అన్ని సమితులూ బాగా నడిచాయని చెప్పలేను. కానీ నడిచిన చోట నేను చూసింది ఒక్కటే. కాపలా కాసిన వాడికి కోతలో వాటా దక్కితే గుట్ట పచ్చబడుతుంది. దక్కదని తెలిసిన రాత్రే గొడ్డలి పడుతుంది.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చి ఇంటింటికీ గ్యాసు చేరింది. ఆడవాళ్ల కళ్లు పొగనుంచి బతికాయి. అంతకంటే కావలసిందేమీ లేదు. అయినా నీళ్ల కాగుకు, పెళ్లి వంటకు, బ్యారన్‌కు, ఇటుక బట్టీకి కట్టె ఇంకా కావాలి. సిలిండరు ధర పెరిగిన నెలలో పెరట్లోని పొయ్యి మళ్లీ వెలుగుతూనే ఉంది.

నా టేకు పత్రం

ఇక నా తెలివితక్కువతనం. 1990లలో టేకు పథకాల జోరు మీకందరికీ గుర్తుండే ఉంటుంది. పేపర్లలో పెద్ద పెద్ద ప్రకటనలు. ఇంత కట్టండి, మీ పేరున ఇన్ని టేకు మొక్కలు పెంచుతాం, ఇరవై ఏళ్లకు లక్షలు అని. 1994లో నేను ఆఫీసు సహకార సంఘంలో అప్పు తీసి పది వేలు ఒక కంపెనీకి కట్టాను. అందమైన పత్రం ఇచ్చారు. దాని మీద టేకు చెట్టు బొమ్మ, కింద నా పేరు.

ఆ రోజుల్లో నేను ఏం పని చేస్తున్నానో చెబితే మీరు నవ్వుతారు. పాత వర్కింగ్ ప్లాను నకలు తీస్తున్నాను. అడవిలో టేకు మంచి కలపకు రావడానికి 50 నుంచి 80 ఏళ్లు పడుతుందన్న సంగతి అందులో నా చేత్తోనే రాశాను. కేరళలోని నిలంబూరులో 1840లలో మలబారు కలెక్టరు కొనోలీ, ఆయన కింద చాతు మేనోన్ నాటించిన టేకు తోటే ఈ విద్యకు మొదటి బడి. 1846 నాటి చెట్లు కొన్ని అక్కడ నేటికీ నిలబడే ఉన్నాయి. ఇవన్నీ తెలిసినవాణ్ణి. నీళ్లు పెట్టి, ఎరువు వేస్తే టేకు త్వరగా లావెక్కుతుంది, నిజమే. కానీ లేత టేకులో చేవ తక్కువ, తెల్ల చెక్క ఎక్కువ. ధర పలికేది చేవకు. ఇది ఏ వడ్రంగిని అడిగినా చెబుతాడు. నేను అడగలేదు. ఫైల్లో చదివింది ఫైలుకే అనుకున్నాను.

1997లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పథకాలను సెబీ కిందికి తెస్తామన్నది. 1999లో నిబంధనలు వచ్చాయి. అప్పటికే చాలా కంపెనీలు చాపలు చుట్టేశాయి, నేను కట్టినదీ అందులో ఒకటి. నేను రాసిన ఉత్తరాలు చిరునామాదారు లేరని తిరిగి వచ్చాయి. పది వేలు పోయాయి, అప్పు కిస్తీలు మాత్రం ప్రతి నెలా జీతంలో కట్ అయ్యాయి.

దానికి మించిన పొరపాటు 1997లో చేశాను. మా అమ్మాయి పెళ్లి కుదిరింది. డబ్బు చాలక మా నాన్నగారి తోపును ఒక కట్టె కాంట్రాక్టరుకు మొత్తంగా కోతకిచ్చాను. అతను కూలి మిగుల్చుకోవడానికి నడుం ఎత్తున కొట్టించి, మోళ్లు అలాగే వదిలేసి పోయాడు. మర్నాడే మేకలు దిగాయి. టేకు చెట్లు మాత్రం మిగిలాయి. రవాణా పర్మిట్టు తలనొప్పి ఎందుకని వాటిని ముట్టలేదు. నేను పర్మిట్లు రాసే ఆఫీసులో పని చేయడం వల్ల ఆ చెట్లకు జరిగిన మేలు ఏమీ లేదు గాని, పర్మిట్టు ఉండబట్టి మాత్రం అవి బతికాయి.

తోపును మళ్లీ నిలబెట్టుకోవడం

2008లో పదవీ విరమణ చేసి ఊరికొచ్చాక తోపు చూస్తే కడుపు తరుక్కుపోయింది. మొండి మోళ్లు, కంప, మేకలు. మా నాన్నగారి దగ్గర చిన్నప్పటి నుంచి చెట్లు కొట్టిన ఒక పెద్దాయన అప్పటికింకా ఉన్నారు. ఆయన మోళ్ల చుట్టూ తిరిగి చూసి అన్నారు:

“బాబూ, మోడు ఎత్తుగా వదిలితే చిగురు పైనుంచి వస్తది. గాలొస్తే మొదట్లోకి చీలిపోద్ది. నేలకి బెత్తెడు ఎత్తున కొట్టాల. ఏటవాలుగా కొట్టాల, నీళ్లు నిలవకూడదు. బెరడు చీలకూడదు. మీ నాయన గొడ్డలి నూరకుండా తోపులో అడుగు పెట్టనిచ్చేవాడు కాదు.”

“మళ్లీ వస్తుందంటావా పెద్దాయనా?” అన్నాను.

“వేరు బతికే ఉంది బాబూ. మేకల్ని ఆపు చాలు.”

వర్కింగ్ ప్లానులో నాలుగు పేజీలు ఉన్న సంగతి ఆయన నాలుగు ముక్కల్లో చెప్పారు. నేను పుస్తకం తీసి గీతలు గీశాను. రెండున్నర ఎకరాలను 25 సెంట్ల చొప్పున పది పట్టీలు చేశాను. ఏడాదికొక పట్టీ. ఒక్కో పట్టీలో నాలుగు మంచి చెట్లకు సున్నం పట్టీ వేసి వదలడం, అంటే తోపు మొత్తానికి నలభై. చలికాలంలో, ఆకు రాలి రసం తగ్గినప్పుడు కోత. కోసిన పట్టీ చుట్టూ అదే కంపతో దడి, మూడేళ్లు మేకలకు ప్రవేశం లేదు. రెండో ఏడు మోడుకు గుంపుగా వచ్చిన పిలకల్లో గట్టివి ఒకటి రెండు ఉంచి మిగతావి తీసెయ్యడం. వాటితో పందిరి గుంజలు, కూరపాదుల కర్రలు అవుతాయి. చిగురు రాని చోట వానాకాలంలో కానుగ, వేప గింజ వేయడం. అంతే పని.

2018తో ఒక చుట్టు పూర్తయింది. రెండో చుట్టులో ఒక్కో పట్టీ ఎండు కట్టె మూడు టన్నులకు అటూ ఇటూగా ఇస్తోంది. లెక్క చూస్తే అది ఐదుగురున్న ఇంటికి ఏడాది పొడుగునా కట్టె పొయ్యి మీద వంటకు సరిపోయేంత. మా నాన్నగారు సరిగ్గా రెండున్నర ఎకరాలే తోపుగా ఎందుకు ఉంచారో అప్పుడర్థమైంది. ఆయన చదివింది ఐదో తరగతి.

పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే. దాన్ని ఆరు నెలలు గాలాడేటట్టు పేర్చి ఎండబెడితేనే మంట వస్తుంది, లేకపోతే కట్టె తన నీళ్లు తానే కాచుకుంటుంది. పచ్చిది తూకానికి అమ్మేవాడికి లాభం, కొనేవాడికి పొగ.

మిల్లులో కొలత

2019లో మూడు టేకులూ రెండు వేపలూ కొట్టించాను. ఇక్కడ మన సభ్యులకు పనికొచ్చే సంగతి ఒకటి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం మన సొంత భూమిలోని చెట్టయినా కొట్టడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. వాల్టా చట్టం అంటారే, అదే. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ లాంటి తోట పంటలకు మినహాయింపులున్నాయి. టేకును రోడ్డెక్కించాలంటే 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనల కింద పర్మిట్టు కూడా కావాలి. పట్టాదారు పాసు పుస్తకం నకలు పెట్టి, చెట్ల సంఖ్య, చుట్టుకొలత రాసి ముందే దరఖాస్తు చేయండి. కొట్టాక పరుగెత్తితే లాభం లేదు. ఒకప్పుడు నేను బల్లకు అవతల కూర్చునేవాణ్ణి. ఇవతల నిలబడితే నెలన్నర ఎంత పొడుగో తెలిసింది.

రెండోది కొలత. దుంగ మధ్య చుట్టుకొలతను అంగుళాల్లో తీసి, నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించి, పొడవు అడుగులతో హెచ్చించి, 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. నా వేప దుంగ చుట్టుకొలత 48 అంగుళాలు, పొడవు 10 అడుగులు. నాలుగో వంతు 12. పన్నెండు పన్నెండ్లు 144, దాన్ని పదితో హెచ్చించి 144తో భాగిస్తే 10 ఘనపుటడుగులు. నిజానికి ఆ దుంగలో పన్నెండు ముప్పావు దాకా కలప ఉంటుంది. ఈ పాత లెక్క అందులో ఐదో వంతుకు పైగా కోత తరుగు కింద ముందే వదిలేస్తుంది. ఇది తెలియని రైతు దగ్గర ఈ లెక్కతో కొలిచి, మళ్లీ తరుగు అని ఇంకో కోత పెట్టే వ్యాపారులున్నారు. టేపు మీరే పట్టుకోండి.

యాభై ఏళ్లు దాటిన నా టేకుల్లో దుంగ మధ్య చుట్టుకొలత 36 అంగుళాలే. ఎనిమిది అడుగుల దుంగకు నాలుగున్నర ఘనపుటడుగులు. నీళ్లు లేని మెట్ట నేల మరి. ఆ టేపు పట్టుకుని నిలబడ్డప్పుడు నా పది వేల పత్రం మీది బొమ్మ గుర్తొచ్చింది. కాని కోత మిల్లులో దుంగ రెండుగా విడినప్పుడు లోపల అంచు దాకా చేవ, తేనె రంగు. మిల్లు కుర్రాడు చెయ్యి వేసి నిమిరి, “ఇది కదండీ టేకు” అన్నాడు.

దుంగ చివరలకు పేడ పూసి, నీడలో, చెక్కకూ చెక్కకూ మధ్య పుల్లలు పెట్టి ఏడాది ఆరబెట్టాం. వేపను ముందు చెరువులో కొన్నాళ్లు నానవేశాం, పురుగు పట్టకుండా. కోతలో సగానికి కొంచెం పైన సైజు చెక్క వచ్చింది, మిగతాది పొయ్యికి. ఏ కూతురి పెళ్లికి తోపు కొట్టించానో ఆ కూతురింటికి గడప, ద్వారబంధాలు ఆ టేకుతోనే పెట్టించాను. అమ్మాయి ఏమీ అనలేదు. గడపకు పసుపు రాస్తూ కాసేపు అక్కడే కూర్చుంది.

ఇప్పుడు ప్రశ్న

మా అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు. “నాన్నా, ఎకరానికి వచ్చే ధర బ్యాంకులో వేస్తే వడ్డీయే మీ కట్టెకు ఎన్నో రెట్లు” అంటాడు. లెక్క ప్రకారం వాడి మాట తప్పు కాదు. వాణ్ణి నేను తప్పు పట్టను, వాడికి ఇంటి అప్పుంది, పిల్లల చదువులున్నాయి. నేనూ ఒకప్పుడు అవసరం వచ్చి గొడ్డలి వేయించినవాణ్ణే.

నేను వాడికి ఒక్కటే చెప్పాను. ఈ నూటడెబ్బై ఏళ్ల చరిత్రలో అడవి పోయిన చోటల్లా రెండు కారణాలే కనబడ్డాయి. వాడుకునేవాడికి హక్కు లేకపోవడం ఒకటి. హక్కున్నవాడికి పదేళ్ల ఓపిక లేకపోవడం రెండోది. మా తోపులో హక్కు మాదే. ఓపిక మాత్రం ఒక తరం నుంచి ఇంకో తరానికి చేతికిస్తేనే వస్తుంది.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు పదో తరగతి చదివే మనవడు తోపు పుస్తకం తిరగేశాడు. పట్టీల వారీగా ఏ ఏడు ఏది కోయాలో 2037 దాకా రాసి ఉంది. “తాతయ్యా, 2037కి నాకు ఇరవై ఏడు. అప్పుడు ఈ తొమ్మిదో పట్టీ నేను కోయించాలా?” అన్నాడు. “కోయించాలి. నాలుగు చెట్లు వదలాలి” అన్నాను. వాడు ఆ గడిలో తన పేరు రాశాడు. మా అబ్బాయి అది చూశాడు. ఈసారి ప్లాట్ల మాట ఎత్తకుండానే రైలెక్కాడు. నిర్ణయం ఇంకా కాలేదు. ఈ ఏడాది పట్టీ కోత మాత్రం అయింది, దడి కట్టించాను.

మన సభ్యుల్లో చాలామందికి ఊళ్లో ఇలాంటి తోపో, గట్టు మీద నాలుగు చెట్లో ఉండే ఉంటాయి. అమ్మాలా ఉంచాలా అన్నది ఎవరి ఇంటి సంగతి వారిది. ఉంచేవారికి మాత్రం నా మనవి: ఒక నోటుబుక్కు కొనండి, పట్టీలు గీయండి, కోత ఏడు రాయండి, ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి. ముప్పై ఆరేళ్లు రిజిస్టర్లు రాసినవాడిగా ఇంతకంటే చెప్పగలిగింది లేదు.

సెలవు.